లోపలి వైపు

కళింగపట్నం ఇసకలో దొరికిందట.
హెడ్డు తవిటయ్య సిమెంటు సంచిలో చుట్టి తెచ్చి
నా బల్ల మీద పెట్టి, తన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.
"ఆడా మగా ఒక్క ముక్క రాసిచ్చీండమ్మా,
మజ్జానం బస్సుకి ఎల్లిపోతాను."

ఎక్స్‌రే తెర మీద చీకటి, చీకట్లో తెల్లటి తెప్ప.
చెవి ముందరి బుడిపె నుంచి దవడ మూల దాకా గీత లాగాను.
అరవై ఎనిమిది మిల్లీమీటర్లు.
మూల వంపు నూట పద్దెనిమిది.
సూత్రం మగ అంది,
పంచాయితీలో మా మేనమామ చెప్పినట్టు, రెండోమాట లేకుండా.

ఎందుకో డ్రాయరు లాగాను.
జ్ఞానదంతం పీకించుకున్న ఏడు తీసిన నా ఫిల్ము.
అదే స్కేలు, అదే గీత.
అరవై తొమ్మిది.
నన్నూ మగే అంది.

తవిటయ్య వాచీ చూసుకున్నాడు.

దవడని తిరగేశాను. మిగిలినవి నాలుగు పళ్లు.
పెదవి వైపు పసుపు.
నాలిక వైపు మసి,
అడ్డపొగ మసి.
చుట్ట నిప్పుని నోట్లోకి తిప్పుకుని
చేపల గంప కింద నడిచే ఆడోళ్లు
సముద్రపు గాలికి ఆరిపోకుండా దాచుకునే చోటు అది.
మగోళ్లు కాల్చరని కాదు. తక్కువ.

"మాయమ్మా ఇలాగే కాల్చీది" అన్నాడు తవిటయ్య.
కుర్చీ ముందుకొచ్చింది.
"ముద్దు పెట్టుకుంటే కమురు కంపు."

ఫారంలో గడి చిన్నది, రెండక్షరాలకి సరిపడా.
"కొలత ప్రకారం మగ" అని రాశాను.
పెన్ను ఎత్తబోయి, ఎత్తలేదు.
గడి గీత దాటించి, కాగితం అంచు దాకా
నాలుగు పళ్ల లోపలి వైపు గురించి
రాస్తూ ఉన్నాను.

మజ్జానం బస్సు హారను కొట్టుకుంటూ వెళ్లిపోయింది.
ఆయన లేవలేదు.