బొమ్మ ఉంది

దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డను దించినట్టు
ఆటోలోంచి దించారు ముప్పై రెండంగుళాల టీవీని.
వెంట వచ్చిన పక్కింటి కుర్రాడు ముందే చెప్పేశాడు:
"మాటొత్తంది గానండీ, బొమ్మ రావట్లేదు.
నాలుగు రాత్రులైంది, మా వీధి మొత్తానికి నిద్దర్లేదు.
ఈవిడికి వినపడదు గదండీ, ఆయ్,
సౌండు నిండా పెట్టేసి కూకుంటంది."

సువార్తమ్మ ముక్కాలిపీట లాక్కుని నా బల్ల పక్కన కూర్చుంది.
ఒళ్ళో దారపు ఉండ, చేతిలో లేసు సూది,
చూపు మాత్రం నా స్క్రూడ్రైవరు మీద.

ప్లగ్గు పెట్టాను.
నల్లటి తెర వెనక ఎవరో అత్త ఎవరో కోడల్ని తిడుతోంది.
షట్టరు సగం దించి, లైటార్పి,
సెల్లు టార్చి తెరకి దగ్గరగా, ఏటవాలుగా పట్టాను.
వలందర రేవులో మెట్ల కింద కదిలే చేపపిల్లల్లా
రెండు మొహాలు. ఒక జడ. ఊగే జూకా.

బొమ్మ ఉంది.
వెనకాల దీపమే లేదు.

పద్నాలుగు స్క్రూలు, ఆవకాయ సీసా మూతలో.
తెర పైకెత్తాలంటే నాలుగు చేతులు కావాలి;
సైకిల్ షాపు అబ్బులు వచ్చి పట్టాడు, ఊపిరి బిగబట్టి.
అప్పడం నయం, విరిగినా తినొచ్చు.
దాని కింద మీగడ తరకల్లాంటి తెల్ల కాగితాలు మూడు.
వాటి వరస తప్పిందా, రేపు బొమ్మ నిండా మబ్బులే.
అడుగున మూడు పట్టీలు, పట్టీకి ఆరు గింజలు,
ప్రతి గింజ మీదా ఒక గాజుబొట్టు.

మీటరు సూదులు ఒక్కోదానికీ తాకిస్తూ పోయాను.
మిణుకు. మిణుకు. మిణుకు.
రెండో పట్టీ, నాలుగో గింజ, పలకలేదు.
బొట్టు ఊడదీస్తే మధ్యలో ఆవగింజంత మసి.
అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి
ఈ ఊళ్ళో తలుపు గడియల్నే తింటుంది,
సీసం అతుకులొక లెక్కా.

ఒక్కటి పోతే పద్దెనిమిదీ ఎందుకు ఆరిపోయాయో
ఈవిడకెలా చెప్పను?
వేళ్ళతో గొలుసు కట్టి చూపించి, మధ్యలో తెంపాను.
ఆవిడ నవ్వింది.
అల్లుతున్న లేసు నా ముందు పెట్టి
చివరి కంట్లోంచి సూది తీసేసి, దారం కొస లాగింది.
పొద్దుటి నుంచీ చేసిన పని
జలజలా విడిపోయింది,
చాలమ్మా అని నేను చెయ్యెత్తేదాకా.

చచ్చిన గింజను దాటించి తీగముక్క అతికితే
ఇవాళ్టికి వెలుగుతుంది, ఆ చోట కాస్త నీడ.
కానీ మిగతావీ దానితో పుట్టినవే,
అదే వేడి తిన్నవే. నెలో, రెణ్ణెల్లో.
కొత్త పట్టీలు భీమవరం నుంచి బస్సులో రావాలి.
ఒక వేలు చూపించాను: ఇవాళ. రెండు: రేపు.
ఆవిడ రెండో వేలు పట్టుకుంది.

మర్నాడు మూడు పట్టీలూ మార్చి ప్లగ్గు పెట్టాను.
అదే అత్త, ఇంకా తిడుతూనే ఉంది,
ఇప్పుడు ఆకుపచ్చ పట్టుచీరలో.
వెలుగు వంద నుంచి అరవైకి దించి
సౌండు కూడా తగ్గించబోతే
సువార్తమ్మ నా మణికట్టు పట్టుకుంది.
టీవీ వీపు మీద తన అరచెయ్యి ఆనించి,
తర్వాత నా చెయ్యి తీసి అక్కడ పెట్టింది.

అదురుతోంది,
తుమ్మెద దూరిన వెదురుబొంగులా.

కళ్ళు మూసుకుంది. మళ్ళీ చెయ్యి వేసి
తలూపింది.
"పారేయమన్నాడండి వాళ్ళ మరిది,
ఈవిడే ఒప్పుకోలేదు," అన్నాడు కుర్రాడు.
నేను టార్చి వేసి కనిపెట్టిందాన్ని
ఈవిడ నాలుగు రాత్రుల ముందే పట్టేసింది, చీకట్లో, చేత్తో.
వీధి నిద్రంతా అందుకే పోయింది.

పన్నెండొందలు అడిగాను.
వెయ్యి నా చేతిలో పెట్టి
అప్పుడే చెవుడొచ్చినట్టు తల తిప్పుకుని
ఆటో ఎక్కేసింది.

షాపు కట్టేటప్పుడు చూశాను,
ఆవకాయ మూతలో ఇంకా ఒక స్క్రూ ఉంది.