పండుగప్పకి దారం

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పటికి
నా పర్సులో మూడు వేల రెండొందలూ
ఒక అగ్గిపెట్టెలో జానెడు నైలాను ముక్కా ఉన్నాయి.

డబ్బులు బల్లగుడ్డవి.
నూట నాలుగు గులాబీలు, చుట్టూ నెమలిపింఛాల అంచు,
వినాయకచవితికి మొదలెడితే నాగులచవితికి తెమిలింది.
ఏ దేశంలో ఎవరు పరుచుకుంటారో
దానిమీద ఏ చేప వడ్డించుకుంటారో
లేసు ఏజెంటు చెప్పలేదు, నేనడగలేదు.

నర్సాపురం మార్కెట్టు వెనక కొల్లాటి నాగేశు కొట్టు.
బెండ్లు, సీసం గుళ్ళు, కొత్త వలల కిరసనాయిలు వాసన.
"మీ ఆయన రాలేదాండీ?"
ఆయన రారు.
ఆయనకి చేప కంచంలోనే పరిచయం.

ముందు పదడుగుల రాడ్డు తీశాడు.
దండేనికి బాగుంటుంది, అన్నాను.
మా మురుగుకాలవ తలుపుల దగ్గర గట్టు రెండు మూరలు,
వెనకంతా మడచెట్లు.
చెయ్యెత్తి విసిరితే కొమ్మలే పడతాయి గాలానికి.
ఏడడుగులది చాలు.
కొన ఆడాలి, మొదలు ఆడకూడదు.
కొనని గచ్చుకి ఆనించి వంచి చూశాను,
నాగేశు కళ్ళు మూసుకున్నాడు పాపం.

రీలుకి పక్కన ఒక మర.
అది బిగించి, "ఇదండీ పవరు, ఏనుగునైనా ఆపుద్ది" అన్నాడు.
దారం కొస తీసి ఎడమచేతి చిటికెన వేలికి చుట్టుకుని
మెల్లగా లాగాను.
ముప్పయ్యేళ్ళుగా ఈ వేలే నా మర.
బిగిస్తే పువ్వు ముడుచుకుపోద్ది,
వదిలేస్తే రేకలు జారిపోతాయి.
"రెండు చుట్లు తగ్గించు నాగేశూ."

దారాల దగ్గర మాత్రం తికమకపడ్డాను.
మా లేసు దారానికి అంకె పెరిగేకొద్దీ సన్నం,
ఎనభై నెంబరంటే కళ్ళజోడు వెతుక్కోవాలి.
ఇక్కడ అంకె పెరిగితే లావట.
ఇంత వయసొచ్చాక లెక్క తిరగేసి నేర్చుకోవాల్సొచ్చింది.

అప్పుడు అగ్గిపెట్టె తెరిచాను.
శ్రావణంలో వరదనీరు తీసిన వారం,
అరువు వెదురుకర్ర,
నీళ్ళలోంచి ఇత్తడి బిందెలా లేచి
ఒక్కసారి తల విదిల్చి పోయిన పండుగప్ప
నాకు మిగిల్చిన ముక్క అది.
"తెగిపోయిందన్నమాట" అన్నాడు.
తెగలేదు, కోసింది.
తెగిన దారం కొస సాగి మెలిపడుద్ది.
ఇది చూడు, కత్తెర పెట్టినట్టుంది.

నాగేశు దాన్ని వెలుతురులో చాలాసేపు చూశాడు.
"మొప్పల మూతండీ. బ్లేడే.
ముందు రెండు బారలు లావు నైలాను ఉండాల్సిందే."
మొదటిసారి ఆ గొంతులో మా ఆయన లేడు.

వెనక నడిచే దారం ఎనిమిది పోగుల అల్లికట.
చదివినట్టు చూశాను, మిషను అల్లిక, తప్పుల్లేవు.
దాన్ని నైలానుకి కలపడానికి ఆయన వేసిన ముడి
శనగగింజంత ఉంది, ఉంగరాల్లో తట్టుకుంది.
ఇప్పేసి,
సన్నదాన్ని లావుదాని మీద అటొకటి ఇటొకటి దాటిస్తూ
ఇరవై దాట్లు, జడలా,
చివర ఉమ్మి తడిపి లాగితే గట్టిగా కూచుంది.
"ఎక్కడ నేర్చుకున్నారండీ?"
ఇక్కడే. ఇప్పుడే.

గాలాలు మూడు.
నా అల్లికసూది కొక్కెం దారాన్ని పట్టుకుని మళ్ళీ వదిలేస్తుంది.
వీటికి లోపల ఇంకో ముల్లు ఉంది, వదలదు.
ఎందుకో వాటిని పర్సులో సూదుల పక్కన పెట్టబుద్ధి కాలేదు,
అగ్గిపెట్టెలో వేశాను.

నాలుగొందల యాభై రబ్బరు చేప కళ్ళు బాగున్నాయి.
కొనలేదు. ఎరకి రొయ్య మా చెరువులోనే దొరుకుద్ది.

తిరుగు పంటులో కొబ్బరిబొండాల మీద కూచున్న కుర్రాడు
"మామ్మా, అది గొడుగా?" అనడిగాడు.
ఒకసారి తిప్పనిచ్చాను.
కిర్రుమంది, వాడు ఉలిక్కిపడి నవ్వాడు.

రేవు తాకేసరికి పోటు ఇంకా ఎక్కుతూనే ఉంది.
నా చిటికెన వేలు దానంతటదే బిగుసుకుంది.
కాస్త వదిలాను.