కాలనివి

రాయదుర్గం దాటి పది మైళ్లు.
బస్సు దిగకముందే కండక్టరు చెప్పేశాడు:
"ఎర్రిస్వామి ఇంటికేనా సారూ? బానామతి.
తొమ్మిదిసార్లు అంటుకునింది, అగ్గిపుల్ల గీసినోడు లేడు."

ముందు కాలినవి రాసుకున్నాను.
దారాలు తెంపాల్సిన జీన్సు ప్యాంట్ల మూట.
మళ్లీ జీన్సు మూట.
దండెం మీద తువ్వాలు. చీపురు, అది పొరపాటున కావచ్చు.
మళ్లీ మూట.
బళ్లారి నుంచి వచ్చిన స్వామి
పదకొండు వేలు తీసుకుని గడపకు మేకు కొట్టాడు.
మేకు కొట్టిన మర్నాడే తొమ్మిదోది.

తర్వాత కాలనివి.
ఇది నాకెవరూ నేర్పలేదు, తిరగ్గా తిరగ్గా అబ్బింది.
ఉయ్యాల కాలలేదు;
చంటివాణ్ణి ప్రతిసారీ ఎవరో ముందే బయటికి తెచ్చారు.
రేషను బియ్యం కాలలేదు.
కొక్కానికి వేలాడే బడిసంచి, ఏడో తరగతిది,
మూటకు జానెడు దూరంలోనే ఉండి
మసి కూడా అంటించుకోలేదు.
మంట లేచిన ప్రతిచోటా పక్కనే నిండు బిందె.
దయ్యానికి ఇంత జాగ్రత్త ఎందుకో!

పక్కింటి తిప్పక్క తలుపేసుకుని నాలుగు రోజులు.
కిటికీ సందులోంచి అంది:
"నా కన్ను పడితే కాల్తాదంట నాయనా.
పొయ్యి ఊదుకునే గొట్టం యాడ పెట్నానో సూసేకే
నాకు కన్ను ఆనదు."
ఆదివారం పళ్లు రాలగొడతామని
కుర్రాళ్లు చెప్పి పోయారట.
ఆ రోజు శుక్రవారం.

సాయంత్రం పాలకేంద్రం ముందు జనం.
సత్తు తట్టలో ఊదారంగు పలుకులు పోశాను.
జీన్సు వెలిసేందుకు కొట్టే మందే,
ఊళ్లో సగం గోళ్లకు దాని గోధుమ మరకే.
మీద కాసింత గ్లిజరిన్,
ముసలాళ్లు పగిలిన మడమలకు రాసుకునేది.
అగ్గిపెట్టె లేదని రెండు చేతులూ తిప్పి చూపించాను.
జనం తట్టను చూస్తున్నారు.
నేను జనాన్ని చూస్తున్నాను.

అందరి నోళ్లూ తెరుచుకుని ఉన్నాయి.
ఒక్క జత పెదాలు మాత్రం కదులుతున్నాయి:
పద్నాలుగు, పదిహేను, పదహారు...
మంట లేవకముందే ఆ పిల్ల
తమ్ముణ్ణి చంక మార్చుకుని
రెండడుగులు వెనక్కి వేసింది.

అప్పుడు లేచింది మంట.
ఊరు "అయ్యో" అంది, ఎవరో ఈల వేశారు,
స్వామి మింగిన పదకొండు వేల లెక్క మొదలైంది.
"అయితే పెట్టిందెవరు సారూ?"
తట్ట మీద ఇసుక పోస్తూ కాసేపు ఆగాను.
"తిప్పక్క కాదు. ఈ మందు ఆమె ఇంట్లో లేదు.
మీ అందరి ఇళ్లలో ఉంది."
అంతే. ఒకరి గోళ్లు ఒకరు చూసుకోవడం మొదలెట్టారు.

బస్సు కోసం నిలబడితే వచ్చింది. పేరు పవిత్ర.
"పోయిన నవంబర్ల మా బడికొస్తివి సారూ.
ఇదే తట్ట.
మంత్రాలు లేవంటివి. ఏదైనా అడగమంటివి.
అడిగితి. బడి యాల మాన్పిస్తివని మా నాయన్ను అడిగితి.
మూటకు నలభై రూపాయలు వస్తాది అనె."

తట్ట ఇంకా చల్లారలేదు,
సంచిలోంచి తొడకు వెచ్చగా తగులుతోంది.
"మూటలు తగ్గాయా?" అన్నాను.
ఎంత తెలివితక్కువ ప్రశ్న!
"కాలిన ప్యాంట్లకు సేటు అప్పు రాసుకున్యాడు,"
అంది, తమ్ముడి ముక్కు తుడుస్తూ.
"తిప్పవ్వను కొడ్తారని నాకు తెల్దు సారూ.
తెలిసినంక ఆపితి."
నిజమే. తొమ్మిదోది సోమవారం.

రాత్రి నివేదిక రాశాను.
అతీతశక్తి: లేదు. రసాయనం: ఉంది.
ఎవరు అనే గడిలో
నా పేరు రాసి, కొట్టేసి,
కొట్టేసినది చదవగలిగేలా వదిలేశాను.

మండల విద్యాధికారి ఆఫీసు
సోమవారం పదిన్నరకు తెరుస్తారు.
కాలనివి రాసుకున్న పేజీ
కొస మడిచి పెట్టుకున్నాను.