గాజు బోరు

కక్కలపల్లి మండీలో పదిహేను కిలోల పెట్టె
ముప్పై రూపాయలకు కూడా పోని రోజు
రెండు పెట్టెల టమోటాలు ఆటోలో ల్యాబుకు తెచ్చినాను.
నలిపి, ఉడకబెట్టి, చల్లార్చి
పాలను పెరుగు చేసే జాతిని అందులో వదిలినాను.
రెండు రాత్రులు కాపలా.
పులుపు ముదిరినప్పుడల్లా చిటికెడు సున్నం,
లేకుంటే తాము చేసిన పులుపులోనే అవి చస్తాయి.

మూడో పొద్దుకు మిగిలింది
మధ్యాహ్నం మూడింటి మండీ వాసన,
బురద రంగు నీళ్ళు.
అందులోనే నా లాక్టిక్ ఆమ్లం,
పేరుంది, ముఖం లేదు.

శెనక్కాయ పొట్టు కాల్చిన బొగ్గు
రంగునంతా తాగేసింది అని రాస్తే
గైడు ఎర్ర ఇంకుతో కొట్టేసినాడు.
తాగితే శోషణం. ఇది అధిశోషణం.
బొగ్గులో ఎన్ని గదులున్నా
వచ్చినవాడు గోడకు ఆనుకొని కూర్చోవాల్సిందే,
గోడలోకి పోడు.

తరువాత రెజిను.
మీటరు పొడవు గాజు గొట్టంలో
గసగసాలంత పూసలు, పూసపూసకూ ఇన్నని సీట్లు.
తాడిపత్రి బస్సు ఆగకముందే
కిటికీలోంచి తుండుగుడ్డ విసిరేవాళ్ళు ఇక్కడా ఉన్నారు:
టమోటా పుట్టుకతో తెచ్చుకున్న సిట్రిక్,
సున్నాన్ని దించడానికి నేనే పోసిన గంధకామ్లం తాలూకు మిగులు.
నా ఆమ్లం మెత్తనిది, తోసుకొని ఎక్కలేదు.

అయినా పదకొండో గొట్టానికే
కింద పులుపు కారడం ఏమిటి?
పూసలు నాసిరకమని కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాసినాను.

అటెండరు ఉరుకుందు
పన్నెండేండ్లు బోరు బండి మీద పనిచేసినోడు.
తుడిచే గుడ్డ భుజాన వేసుకొని
గొట్టానికి చెవి ఆనించి, కన్ను ఆనించి,
"పూసలనేంటికి తిడతావు మేడమ్,
ఈడ సూడు, ఎంట్రుకంత పగులు.
నీళ్ళంత సోమరిపోతు యాడా లేదు.
సులువు దారి దొరికితే
ఇసకనంతా ఇడిసిపెట్టి దాంట్లోనే పోతాది" అన్నాడు.

ముందురోజు రాత్రి కరెంటు పోయి
పంపు నిలిచి, పైన పూసలు ఎండిన సంగతి
అప్పుడు గుర్తొచ్చింది నాకు.

మొత్తం దించేసినాము.
నీళ్ళు కాచి, గాలి పోగొట్టి, చల్లార్చి
పూసలను జావలా కలిపి
అతడు పోస్తుంటే నేను పెన్సిలుతో గాజును తట్టినాను.
"మెల్లిగ. తొందరపడితే బుడగ కూర్చుంటాది."
నాలుగొందల అడుగులు దించి
దుమ్ము తప్ప చూడని చేతులు
ఆ వేలెడు లావు బోరును
పసిబిడ్డకు పోసినట్టు పోసినాయి.

ఈసారి పన్నెండు, ఇరవై, ముప్పై,
ఒట్టి నీళ్ళు.
నలభై మూడో గొట్టంలో లిట్మసు గులాబీ తిరిగింది.
ఉరుకుందు చప్పట్లు కొట్టబోయి
నన్ను చూసి ఆగినాడు.

పట్టింది సరే, ఇడవాలి కదా.
వేడినీళ్ళకు కదల్లేదు.
అమోనియాకు లేచింది గానీ ఉప్పై లేచింది.
నాలుగో రోజు మిథనాల్ పోస్తే
ఎవరో పిలిచినట్టు దిగి వచ్చింది.
మిథనాల్ ఎగిరిపోయినాక
లీటరు రసానికి రెండు చెంచాలు,
తేనెకన్నా పలచన, రంగు లేదు.
టమోటా అని ప్రమాణం చేసినా ఎవరూ నమ్మరు.

రాత్రి లెక్క రాసినాను.
పోసింది నూరు పాళ్ళు.
చేతికొచ్చింది ఎనభై మూడు.
కడిగిన నీళ్ళలో ఎనిమిది.
తొమ్మిది యాడికి పోయినట్టు?
మూడుసార్లు కూడినా అవే తొమ్మిది.

బీగాల గుత్తి పట్టుకొని వాకిట్లో నిలబడిన ఉరుకుందు
"అన్ని దినాలు మోసినాయి కదా మేడమ్,
పూసలకు ఆ మాత్రం కూలి ఇయ్యవా?" అన్నాడు.

పట్టికలో కూలి అనే గడి లేదు.
పెన్సిలుతో గీసి రాసిపెట్టినాను,
సోమవారం గైడు చూసేదాకా ఉంటుంది.