పద్నాలుగు సెకన్లు

దర్ఖాన్‌లో డిసెంబరు అంటే
కెమెరా బ్యాటరీని చంకలో పెట్టుకు తిరగడం.
బయటికి తీస్తే నాలుగు నిమిషాలు బతుకుతుంది.
ఆ నాలుగింట్లోనే
ప్రేమా కొట్లాటా చావూ అన్నీ అయిపోవాలి.
మా సినిమాలు పొట్టివైంది చలి వల్ల.
కళ అనే పేరు తర్వాత పెట్టుకున్నాం.

గురువారం రాత్రి
బడి కింద బాయిలర్ గదిలో
పైపుకీ పైపుకీ మధ్య దుప్పటి కడతాం.
దానికి ఎడమవైపు పైన ఒక టీ మరక.
మంగోలియాలో ఎక్కడ తీసిన ఆకాశానికైనా
మా దగ్గర అదే మేఘం.

తొమ్మిది మందిమి వస్తాం, మంచు పడితే అయిదుగురం.
టువ్షిన్ క్రేన్ నడుపుతాడు.
అతని సినిమాల్లో మనుషులకు మొహాలుండవు, టోపీలే.
సొలొంగొ పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది,
నోటికి జానెడు దూరం దాటి వెనక్కి రాదు.
గన్‌జోరిగ్ ఇంతవరకు ఒక్కటీ తీయలేదు,
అందరికన్నా ఎక్కువ తప్పులు పట్టేది అతనే.
ఇక దుల్మా.
ముప్పై ఏళ్లు బస్సు కండక్టరు.
టికెట్ లేనివాడి మెడ వంపు చూసి పట్టుకున్నట్టు
అబద్ధపు షాట్‌ని పట్టుకుంటుంది.

ఆ రాత్రి వంతు నాది.
మూడు నిమిషాల ఇరవై సెకన్లు.
అద్దె కోటు వేసుకున్న బోల్‌దోర్
రైలు వంతెన మీద నిలబడి ఒక ఉత్తరం చింపుతాడు.
ఖర్చు: కోటుకి అద్దె, మూడు గిన్నెల సూపు.
ఉత్తరంలో అక్షరాలు ఎవరికీ కనబడవు,
అయినా రెండు పేజీలూ నిండా రాశాను.

లైటు వేశారు.
కాసేపు బాయిలర్ ఒక్కటే మాట్లాడింది.

"మొదటి నిమిషం నీకోసం తీసుకున్నావు, మాకోసం కాదు."
"చదవకముందే ఏడుస్తున్నాడేంటి వాడు?"
"వంతెన బాగుంది. దాన్ని కట్టింది నువ్వు కాదనుకో."
ఈ చివరిది గన్‌జోరిగ్.
నా చెవులు కాలుతుంటే పైపుల వేడి అనుకున్నాను.

"రెండో నిమిషంలో ఆ చప్పుడేంటి?
ఎవరో నీళ్లలోంచి పైకి తేలినట్టు?"

చెప్పాల్సి వచ్చింది.
స్టాండు లేదు. కెమెరా పట్టుకున్నది మా చెల్లెలు ఒద్మా.
కదిలావంటే చంపేస్తానన్నాను.
ఊపిరి బిగబట్టింది.
పద్నాలుగు సెకన్ల తర్వాత
ఇక ఆగలేక లాక్కున్న గాలిని
మైకు కూడా పీల్చుకుంది.
"తీసేస్తాను" అన్నాను.

దుల్మా టీ గ్లాసు కింద పెట్టింది.
"తీసెయ్. మిగతాదంతా.
ఆ వంతెన మీద నిజంగా పనిచేసింది
ఆ పిల్ల ఒక్కతే."

ఇంటికెళ్లి కోశాను.
మొదటి నిమిషం కోయడం సులువు.
ఏడుపు కోస్తుంటే కొంచెం నొప్పి.
ఉత్తరం కోసినప్పుడు
ఆ రెండు పేజీలు ఎవరికి రాశానో గుర్తొచ్చి
లేచి కిటికీ మూసొచ్చాను.
బోల్‌దోర్ నెలరోజులు నాతో మాట్లాడలేదు,
తన వీపు తప్ప ఏమీ మిగల్లేదని.

మళ్లీ గురువారం. నలభై సెకన్లు.
రైలు రాని పట్టాలు, ఒక వీపు,
వణకకూడదని పట్టుకున్న చెయ్యి,
ఆ గాలి.
ఎవరూ నోరు మెదపలేదు. గెలిచాననుకున్నాను.

"పోయినసారి అది దానంతటది వచ్చింది" అంది దుల్మా.
"ఈసారి నువ్వు దాన్ని తలుపు దగ్గర నిలబెట్టి
సమయానికి లోపలికి తోశావు."

వెనక బొగ్గు మూట మీద కూర్చున్న ఒద్మా పకపకా నవ్వింది.
ఎంత బాగా నవ్విందంటే
అందరి చేతులూ జేబుల్లోని ఫోన్ల కోసం వెళ్లాయి.
అప్పటికే ఆపేసింది.

లేవబోతుంటే
గన్‌జోరిగ్ గొంతు సవరించుకున్నాడు.
"నేనూ ఒకటి... పదకొండు సెకన్లే."
చంకలోంచి బ్యాటరీ తీసినంత జాగ్రత్తగా
కోటు లోపలి నుంచి ఫోను తీశాడు.
ఎవరికి ఇవ్వాలో తెలీక అలాగే పట్టుకున్నాడు.

దుల్మా లేచి లైటార్పింది.
టికెట్ అడగలేదు.