చిటికెన వేలు

చీమకుర్తి క్వారీలో
రాయికి అరచెయ్యి ఆనిస్తే చాలు,
వెంట్రుకంత పగులైనా దొరికేది మాలకొండయ్యకి.
తూటా ముందే పేలిన పూట
కళ్ళు అక్కడే ఉండిపోయాయి.

ఒంగోలు నుంచి బ్రెయిలీ పెట్టె తెచ్చాన్నేను.
మీట నొక్కితే ఆవగింజంత చుక్కలు
లేస్తాయి, అణుగుతాయి.
చూపుడు వేలు పెట్టి చూశాడు.
"ఏం లేదు సార్, నున్నగుంది."

ముప్పై ఏళ్ళ సుత్తి
వేళ్ళ కొసల్ని కాయలు కాయించింది.
గోరువెచ్చని నీళ్ళు, ఆముదం,
రాత్రుళ్ళు ఆదెమ్మ రుద్దుడు,
ఊహూ.

మూడో నెల్లో ఒకరోజు
విసుగ్గా చెయ్యి లాక్కోబోతూ
ఆగాడు.
ఎడమచేతి చిటికెన వేలు!
సుత్తి పట్టనిది, ఉలి మొయ్యనిది,
బళ్ళో ఒంటికని లేపడానికి తప్ప
ఎప్పుడూ ఎందుకూ పనికిరానిది.
దానికి తగిలింది చుక్క.

ఇంకో రెండు నెలలకి
ఫోనుకొచ్చిన కబురు
కూడబలుక్కుని తనే చదివాడు:
కరెంటు బిల్లు. నాలుగొందల పన్నెండు.

"ఏమే ఆదెమ్మా,
నేను వాడని వెలుతురికి
ఇంతా?"

ఆమె వంటింట్లోంచి ఏదో అంది.
వినలేదు.
చిటికెన వేలు మళ్ళీ మొదటి చుక్క దగ్గరికెళ్ళింది,
లెక్క సరిచూడ్డానికి.