పార్సిల్‌కు బొమ్మ లేదు

గుంతకల్లు రైల్వే టీము కప్పు గెలిచిన ఏడు
గుండూరావు టిఫిన్ రూములో
ప్లేటు ఉగ్గానికి ఒక బొమ్మ.
అగ్గిపెట్టె కంటే రోంత పెద్దది, గట్టి అట్ట.
పెండ్లి పత్రికలేసే ప్రెస్సులోనే కొట్టించినాడు,
అందుకే ఆటగాళ్ళందరికీ
నాలుగు మూలలా మామిడాకులు.

ఒకటో నంబరు లోకో షెడ్డు తిప్పేస్వామి,
భుజాన బ్యాటు గొడ్డలి మాదిరి.
నాలుగు, పార్సిల్ ఆఫీసు ఖాజా మొహిద్దీన్,
నవ్వబోయి ఆపుకున్న మొగం.
ఏడు, గ్యాంగ్‌మన్ ఓబులేసు, కండ్లు మూసుకోని పడినాడు,
మళ్ళీ తీసేదానికి రీలు అయిపోయిందంట.
వెనక పక్క పరుగులు, వికెట్లు,
వాటి కింద
'శుభకార్యములకు ఆర్డర్లు తీసుకొనబడును.'

కూర్చోని తినేవాళ్ళకే బొమ్మ.
పార్సిల్‌కు లేదు.
ఆ మాట పలక మీద సుద్దతో రాసి
గల్లాపెట్టె పైన తగిలించినాడు.

మాదంతా పార్సిలే.
నేనూ, మా చెల్లెలూ, క్వార్టర్స్‌లో ఆడోళ్ళందరూ
స్టీలు గిన్నెలు పట్టుకోని
పక్క సందులో కిటికీ కాడ నిలబడేవాళ్ళం.
లోపల బెంచీలు మొగోళ్ళవని
ఏ పలక మీదా రాసి లేదు.

అందుకే నా బొమ్మలన్నీ ఎవరో తిన్నాక వచ్చినవే.
నైట్ డ్యూటీ దిగి మా నాయన తెచ్చినవి రెండు.
తిప్పేస్వామి గడ్డం మీద మిరపబజ్జి నూనె,
అది మా నాయన బొటనవేలు.
ఒకటి కాలవ గట్టున దొరికింది,
కడిగితే మొగం పోయి నంబరు మిగిలింది.
పదో నంబరు కోసం
గార్డు కొడుకు శ్రీశైలు కాపీరైటింగు
నెలరోజులు నేనే రాసినా,
వాని కొంకర గీతలు వచ్చేటట్టు జాగ్రత్తగా.

'ఆడపిల్లకు ఎందుకే ఈ మొగోళ్ళ బొమ్మలు'
అని అవ్వ.
నీళ్ళ ట్యాంకు మెట్లెక్కితే గ్రౌండు సగం కనపడేది.
బౌలరు ఉరికొచ్చేది చూసినా,
బంతి ఏమైందో ఎప్పుడూ చూడలేదు.
అరుపులు విని లెక్క కట్టుకునేదాన్ని.
అవ్వకు ఇదంతా ఎట్ల చెప్పేది?

పదకొండూ తెచ్చినోళ్ళకు ఫుల్ మీల్స్ ఫ్రీ.
నాకు మీల్స్ మీద ఆశ లేదు.
అబద్ధం, ఉండేది.
నా దగ్గర పది.
పదకొండో ఆయన ఎవరో కూడా ఎవరికీ తెలీదు.
ఆదోని పోయే పత్తి సేటుకు పడిందని ఒకరు,
గుండూరావు ఆ కట్ట విప్పనేలేదని ఇంకొకరు.

బేస్తవారం.
అరపరీక్షలు అయిపోయినాయి.
చేతిలో రెండు రూపాయలు, గిన్నె లేదు.
సందులోకి తిరగాల్సిన కాళ్ళు
తిన్నగా మెట్లెక్కినాయి.

ఈరన్న టేబులు తుడస్తా, 'పార్సిలా మే?'
'కాదు. ఈడే.'
వాడు గల్లా దిక్కు చూసినాడు.
గుండూరావు ఎంచిన చిల్లర
మళ్ళీ మొదట్నుంచి ఎంచబట్టె.
ఎవరో దగ్గినారు.
ఫ్యాను మాత్రం ఎప్పటి మాదిరే తిరిగింది.

ప్లేటొచ్చింది.
పైన పప్పులపొడి, పక్కన రెండు బజ్జీలు.
ఉగ్గాని ఇంత వేడిగా ఉంటాదని
పదమూడేండ్లకు తెలిసింది నాకు.
నాలిక కాలింది. ఊదుకోలేదు,
అందరూ చూస్తాండారు కదా.

ఈరన్న చేతులు తువ్వాలకు తుడుచుకోని
అంచులు పట్టుకోని తెచ్చి పెట్టినాడు.
తిప్పి చూసినా.
నాలుగు.
ఖాజా మొహిద్దీన్.
ఇంట్లో అప్పటికే ఇద్దరు ఖాజాలు.

నేను క్వార్టర్స్ చేరేలోపల కబురు చేరింది.
అవ్వ ఏమన్నదో ఇక్కడ రాయను.
మీల్స్ ఎవరూ తినలేదు,
పదకొండో ఆయన ఈపొద్దుకూ రాలేదు.

ముగ్గురు ఖాజాల్లో ఒకనికి
మరక లేదు, మూల మడత లేదు,
నా వేలు తప్ప ఇంకొకరి వేలు లేదు.
శ్రీశైలు వానికి బదులు
ఇద్దరు తిప్పేస్వాములనూ, ఒక ఓబులేసునూ ఇస్తానన్నాడు.
ఇయ్యలేదు.